సీ హంట్: అమెరికన్లను నీళ్లలోకి దింపిన సీరియల్

1958 జనవరిలో అమెరికా టీవీల్లో ‘సీ హంట్’ అనే అరగంట సాహస ధారావాహిక మొదలైంది. 1961 దాకా నాలుగు సీజన్లలో 155 భాగాలు వచ్చాయి. అన్నీ నలుపు తెలుపులోనే. కథానాయకుడు మైక్ నెల్సన్ ఒకప్పుడు నౌకాదళంలో నీటి అడుగున పనిచేసే ఫ్రాగ్‌మన్. ఉద్యోగం వదిలేసి ‘ఆర్గొనాట్’ అనే పడవ మీద తిరుగుతూ, నీటి అడుగున ఎవరికి ఏ పని పడినా ఒప్పుకొని చేస్తుంటాడు. ఆ పాత్ర వేసింది లాయిడ్ బ్రిడ్జెస్. తరువాతి తరం అమెరికన్ డైవర్లలో ఎందరో తమకు డైవింగ్ చేయాలన్న కోరిక పుట్టించింది మైక్ నెల్సనేనని చెప్పుకున్నారు. ఆ మాట నిజమే. కాకపోతే, ఆ కోరిక తీర్చుకోవడానికి కావలసిన పరికరం, నేర్పే మనుషులు సరిగ్గా ఆ సమయానికే అందుబాటులోకి వచ్చి ఉండటం కూడా ఈ చరిత్రలో అంతే ముఖ్యం.

అంతకు ముందు నీటి అడుగున పనిచేసేవాళ్లు ఇత్తడి, రాగి శిరస్త్రాణాలు తగిలించుకుని, పైనున్న పంపు నుంచి గొట్టం ద్వారా వచ్చే గాలి పీల్చుకుంటూ బరువు బూట్లతో నడిచేవారు. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గన్యాన్ తయారుచేసిన ఆక్వాలంగ్ ఆ గొట్టాన్ని తెంచేసింది. వీపున కట్టుకున్న సిలిండర్‌లోని గాలిని దాని రెగ్యులేటర్ ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపోయేంత ఒత్తిడితో అందిస్తుంది. మనిషి చేపలా ఎటైనా తిరగగలిగాడు.

యుద్ధం ముగిశాక ఈ పరికరం కాలిఫోర్నియా చేరింది. అక్కడ అప్పటికే ఊపిరి బిగబట్టి మునిగి, ఈటెలతో చేపలు కొట్టే ఈతగాళ్లు ఉండేవారు. శాన్ డియెగోలో 1933లో పుట్టిన ‘బాటమ్ స్క్రాచర్స్’ క్లబ్బు వాళ్లదే. 1951 చివర్లో ‘స్కిన్ డైవర్’ పత్రిక వచ్చింది. 1952లో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త నియోప్రీన్‌తో వెట్‌సూట్ రూపొందించాడు. చలినీళ్లలో ఎక్కువసేపు ఉండటం దాంతో తేలికైంది. కూస్తో సినిమా ‘ది సైలెంట్ వరల్డ్’ 1956లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి అందుకుంది. ఇన్ని జరిగినా డైవింగ్ కొద్దిమంది ముచ్చటగానే మిగిలింది.

శిక్షణ మొదలైన తీరును కాస్త విడిగా చెప్పుకోవాలి. తొలినాళ్లలో దుకాణంలో ఆక్వాలంగ్ కొనుక్కుని నేరుగా సముద్రంలోకి దిగినవాళ్లకు కొదవ లేదు. లాస్ ఏంజెలెస్ కౌంటీ పార్కుల విభాగంలో పనిచేసే ఆల్ టిల్‌మన్, కౌంటీ లైఫ్‌గార్డు బెవ్ మోర్గన్ దీన్ని చూసి 1954లో లాహోయాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు వెళ్లారు. అక్కడ కాన్రాడ్ లింబా అనే జీవశాస్త్రవేత్త శాస్త్రజ్ఞులకు డైవింగ్ నేర్పుతున్నాడు. అతని దగ్గర నేర్చుకున్న పద్ధతిని సామాన్యులకు తగినట్టు మలిచి, శిక్షకులనే తయారుచేసే కోర్సును కౌంటీ తరఫున నెలకొల్పారు. ఈతకొలనుకు ప్రజాధనం ఇచ్చే స్థానిక ప్రభుత్వం సముద్రపు లోతుకు కూడా గురువులను సిద్ధం చేయడం ఎంతో ముందుచూపున్న పని. ఆ మొదటి గురువు లింబా 1960లో ఫ్రాన్స్‌లో నీటిలో మునిగిన ఒక గుహలో దారి తప్పి చనిపోయాడు. అంతటి నిపుణుడికే ఆ ముప్పు తప్పలేదు.

‘సీ హంట్’ నిర్మాత ఐవన్ టార్స్ హంగరీలో పుట్టి హాలీవుడ్‌లో స్థిరపడినవాడు. శాస్త్ర విషయాల మీద కథలు అల్లడం ఆయనకు ఇష్టం. నౌకాదళ ఫ్రాగ్‌మన్‌ల మీద ‘అండర్‌వాటర్ వారియర్’ అనే సినిమా కూడా తీశాడు. నీటి అడుగున వారం వారం కథ నడపడం కుదరదని పెద్ద నెట్‌వర్క్‌లు ఈ సీరియల్‌ను తీసుకోలేదు. జివ్ టెలివిజన్ సంస్థ దాన్ని ఒక్కో ఊరి టీవీ కేంద్రానికి నేరుగా అమ్ముకుంది. 1960 నాటికి అమెరికాలో పదింట దాదాపు తొమ్మిది ఇళ్లలో టీవీ ఉంది. నెట్‌వర్క్‌ల సాయం లేకుండానే సీరియల్ దేశమంతా పాకింది. కమ్యూనిస్టులతో పాత సంబంధాల గురించి అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) కమిటీ ముందు వాంగ్మూలం ఇవ్వవలసి వచ్చిన బ్రిడ్జెస్‌కు ఇంటింటా గుర్తింపు తెచ్చిపెట్టింది ఈ పాత్రే.

చిత్రీకరణ కాటలీనా ద్వీపం చుట్టూ, పాలోస్ వెర్డెస్‌లోని సముద్ర జీవుల ప్రదర్శనశాల మెరీన్‌ల్యాండ్‌లో, ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్ ఊటల్లో, బహామాస్‌లో సాగింది. నీటిలోపలి కెమెరా లమార్ బోరెన్‌ది. ఆయనా బాటమ్ స్క్రాచర్స్ సభ్యుడే. ప్రమాదకర దృశ్యాల్లో బ్రిడ్జెస్‌కు బదులుగా కోర్ట్‌నీ బ్రౌన్ మునిగేవాడు. స్త్రీ పాత్రల తరఫున నీళ్లలో దిగిన జేల్ ప్యారీ 1954లోనే 209 అడుగుల లోతుకు వెళ్లి, 200 అడుగులు దాటిన మహిళగా పేరు పొందింది. మరుసటి ఏడు ‘స్పోర్ట్స్ ఇల్లస్ట్రేటెడ్’ ముఖచిత్రంగా కనిపించింది. తెర మీది ఈత అంత నమ్మకంగా ఉండటానికి కారణం ఇలాంటి అసలు డైవర్లే.

నీటి అడుగున మాటలు కుదరవు. ఈ చిక్కును దాటడానికి నెల్సన్ స్వగతాన్ని నేపథ్యంలో వినిపించారు. తానెంత లోతులో ఉన్నాడో, ఎంత గాలి మిగిలిందో, పైకి ఎందుకు నెమ్మదిగా రావాలో అతని గొంతే చెప్పేది. కథ నడపడానికి పెట్టుకున్న ఏర్పాటు ప్రేక్షకుడికి పాఠమైంది. డైవింగ్ అనే మాట కూడా ఎరుగని పిల్లలు రక్తంలో నత్రజని బుడగలు కట్టడమంటే ఏమిటో, లోతున మత్తు ఎందుకు కమ్ముతుందో ఇంట్లో కూర్చునే విన్నారు. సీరియల్ చేసిన అసలు మేలు ఇదే. కూస్తో సినిమా అందం చూపించింది. నెల్సన్ పని ఎలా చేయాలో చూపించాడు. పైగా అతను శాస్త్రవేత్తా కాదు, ధనవంతుడూ కాదు. అతను కట్టుకున్న రకం సిలిండర్లే ఊళ్లోని దుకాణంలో దొరికేవి. వాయిట్ లాంటి క్రీడా పరికరాల సంస్థలు మాస్కులు, ఫిన్లు, రెగ్యులేటర్లు మామూలు జనానికే అమ్మేవి.

తెర మీది డైవింగ్‌లో తప్పులూ ఉన్నాయి. నెల్సన్ చాలాసార్లు ఒంటరిగా దిగుతాడు. శిక్షకులు ఇద్దరిద్దరుగానే దిగమంటారు. దుండగులు కత్తితో గాలి గొట్టాలు కోస్తుంటారు. సొర కనబడితే శత్రువే. ఊట నీళ్లలోని స్వచ్ఛత చూసి మురిసినవాడికి కాలిఫోర్నియా తీరంలో చలి, మసక, కెల్ప్ నాచు అడవులు ఎదురయ్యేవి. ఆనాటి డైవర్లలో చాలామంది దగ్గర సిలిండర్‌లో ఎంత గాలి ఉందో చూపే మీటరే లేదు. ఊపిరి బరువైనప్పుడు పక్కనున్న కడ్డీ లాగితే చివరికి దాచిన కాస్త గాలి విడుదలయ్యేది. తేలికగా తేలడానికి తోడ్పడే గాలి జాకెట్ కూడా లేదు, నడుముకు సీసం బెల్టు తప్ప. వీటన్నిటికన్నా పెద్ద ప్రమాదం కంటికి కనబడదు. పది మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలంతో పోలిస్తే రెట్టింపు. అక్కడ సిలిండర్ గాలి నిండుగా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెట్టింపుగా వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చేస్తుంది. భయపడ్డ కొత్తవాడు సహజంగా చేసే పని సరిగ్గా అదే.

అందుకే సీరియల్ పెంచిన మోజుకు శిక్షణ తప్పనిసరి జోడు అయింది. 1959లో వైఎంసీఏ దేశవ్యాప్త స్కూబా కోర్సును ప్రారంభించింది. ‘స్కిన్ డైవర్’లో నీల్ హెస్ శిక్షకుల కోసం నడిపిన శీర్షిక చుట్టూ చేరినవాళ్లతో, టిల్‌మన్ కలిసి నౌయీ అనే జాతీయ శిక్షకుల సంఘాన్ని నిలబెట్టాడు. 1960 ఆగస్టులో హ్యూస్టన్‌లో దాని తొలి శిక్షకుల కోర్సు జరిగింది. 1966లో షికాగో ప్రాంతంలో జాన్ క్రోనిన్, రాల్ఫ్ ఎరిక్సన్ పాడీని స్థాపించారు. కాలక్రమంలో అది ప్రపంచంలోకెల్లా పెద్ద డైవింగ్ శిక్షణ సంస్థ అయింది. ఈ సంస్థలన్నీ సీరియల్ వల్లే పుట్టాయనడం సరికాదు. వాటి తలుపు తట్టినవాళ్లలో మైక్ నెల్సన్‌ను చూసి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారన్నది మాత్రం ఆ గురువులే చెప్పిన సంగతి.

ఇంగ్లండ్‌లో దారి కొంచెం వేరు. 1953లోనే బ్రిటిష్ సబ్ ఆక్వా క్లబ్ ఏర్పడింది. 1956లో హాన్స్ హాస్, లోటే హాస్ దంపతులు ఎర్ర సముద్రం వంటి చోట్ల తీసిన నిజ దృశ్యాలను బీబీసీ ప్రసారం చేసింది. అక్కడ జనాన్ని నీటివైపు లాగినవాటిలో ఆ డాక్యుమెంటరీలది మొదటి వరుస.

‘సీ హంట్’ ముగిశాక టార్స్ ‘ఫ్లిపర్’ నిర్మించాడు. బోరెన్ 1965 నాటి బాండ్ చిత్రం ‘థండర్‌బాల్’లో నీటి అడుగు పోరాటాలు చిత్రీకరించాడు. బ్రిడ్జెస్ తరువాతి సంవత్సరాల్లో సముద్ర పరిరక్షణ ఉద్యమాలకు అండగా నిలిచి, 1998లో కన్నుమూశాడు. 1987లో రాన్ ఈలీ నెల్సన్‌గా ‘సీ హంట్’ను మళ్లీ తీశారు. అది ఒక్క సీజన్‌తోనే ఆగిపోయింది.