బోరు మోటార్ ఊరికే కాలిపోదు.. వోల్టులు, ఆంప్స్ చూస్తే ముందే తెలిసిపోతుంది! లెక్క ఇదే..

యాసంగి నాట్లు మొదలయ్యాయంటే చాలు.. పొలాల్లో బోరు మోటార్లన్నీ ఒకేసారి ఆన్ అవుతాయి. సిద్దిపేట జిల్లా గజ్వేల్ పక్కనే, రాజీవ్ రహదారిపై ఉండే ప్రజ్ఞాపూర్ చుట్టుపక్కల కూడా చాలామంది రైతులకు బోరే దిక్కు. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంట్ 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. బిల్లు భారం లేదు సరే.. కానీ మోటార్ కాలితే వైండింగ్ ఖర్చు రైతుదే. పైపులు పైకి లాగి, రిపేర్ చేయించి, మళ్లీ దించేలోపు మడి ఎండిపోతుంది. స్టార్టర్ డబ్బాపై ఉండే వోల్ట్ మీటర్, ఆంప్ మీటర్ ఈ ముప్పును ముందే చెబుతాయి. వాటిని చదవడానికి రెండు చిన్న లెక్కలు తెలిస్తే చాలు.

మొదటి లెక్క.. రెసిస్టెన్స్

రెసిస్టెన్స్ అంటే కరెంట్ ప్రవాహానికి ఎదురయ్యే అడ్డు. జర్మనీ శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రం ఇది. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే రెసిస్టెన్స్ వస్తుంది. దీన్ని ఓమ్‌లలో చెబుతారు.

రెండో లెక్క.. పవర్

వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. ఇంట్లో నీళ్లు కాచే హీటర్ రాడ్‌నే తీసుకుంటే.. 230 వోల్టుల దగ్గర 4.35 ఆంప్స్ లాగుతుంది. 230 × 4.35 = సుమారు 1000 వాట్లు. 230 ÷ 4.35 = సుమారు 53 ఓమ్‌లు.

ఇప్పుడు వోల్టేజీ 180కి పడిపోయిందనుకోండి. రాడ్ రెసిస్టెన్స్ దాదాపు అంతే ఉంటుంది కాబట్టి కరెంట్ 3.4 ఆంప్స్‌కు తగ్గుతుంది. పవర్ 612 వాట్లకు దిగుతుంది. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి.. అంతే, రాడ్‌కు ఏమీ కాదు.

మరి మోటార్ ఎందుకు కాలుతుంది?

ఇక్కడే అసలు తేడా ఉంది. రాడ్‌లా మోటార్ తన పని తగ్గించుకోదు. నీటిని పైకి తోయాల్సిన బరువు దాదాపు అలాగే ఉంటుంది. వోల్టేజీ తగ్గితే ఆ లోటును కరెంట్ ఎక్కువ లాగి పూడ్చుకుంటుంది. ఉదాహరణకు 415 వోల్టుల త్రీ ఫేజ్ లైన్‌పై 8 ఆంప్స్ తీసుకునే 5 హెచ్‌పీ మోటార్, 350 వోల్టుల దగ్గర సుమారు 9.5 ఆంప్స్ లాగుతుంది.

పెరిగింది ఒకటిన్నర ఆంప్సే కదా అనుకుంటే పొరపాటే! వైండింగ్‌లో పుట్టే వేడి = ఆంప్స్ × ఆంప్స్ × రెసిస్టెన్స్. 8ని 8తో గుణిస్తే 64, 9.5ని 9.5తో గుణిస్తే 90. అంటే వేడి దాదాపు 40 శాతం పెరిగినట్టే. గంటల తరబడి ఇలాగే నడిస్తే వైండింగ్ తీగపై ఉండే ఇన్సులేషన్ దెబ్బతింటుంది. ఆ తర్వాత మోటార్ కాలిపోతుంది.

ఈ తప్పు చేయొద్దు

415ను 8తో భాగిస్తే 52 వస్తుంది. అది మోటార్ వైండింగ్ రెసిస్టెన్స్ కాదు. మోటార్ ఏసీ కరెంట్‌పై తిరుగుతుంది కాబట్టి అందులోని అయస్కాంత ప్రభావం కూడా కరెంట్‌ను అడ్డుకుంటుంది. అసలు వైండింగ్ రెసిస్టెన్స్‌ను కరెంట్ తీసేశాకే మల్టీమీటర్‌తో చూడాలి. మూడు ఫేజ్‌ల మధ్యా ఒకే విలువ రావాలి. ఒకటి తేడాగా ఉంటే లోపం ఉన్నట్టే.

పవర్ లెక్క కూడా కాస్త మారుతుంది. వోల్టులు × ఆంప్స్ × 1.732 × పవర్ ఫ్యాక్టర్ అని లెక్కించాలి. పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకుంటే 415 × 8 × 1.732 × 0.8 = సుమారు 4,600 వాట్లు. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు కాబట్టి 5 హెచ్‌పీ అంటే 3,730 వాట్లే. మిగతాది వేడి, రాపిడి కింద పోతుంది.

లూజ్ జాయింట్‌తోనూ ముప్పే

కేబుల్ జాయింట్ వదులై అర ఓమ్ రెసిస్టెన్స్ వచ్చినా.. 8 ఆంప్స్ దగ్గర ఆ ఒక్కచోటే 32 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే ఉంటుంది. జాయింట్ల దగ్గర టేపు కరిగిపోవడానికి కారణం ఇదే.

రైతులు ఏం చూడాలి?

* మోటార్ నేమ్ ప్లేట్‌పై ఉన్న ఆంప్స్‌ను స్టార్టర్ డబ్బాపై రాసి పెట్టుకోవాలి. ఓవర్‌లోడ్ రిలేను అంతకు మించి సెట్ చేయొద్దు.
* వోల్టేజీ పడిపోయి ఆంప్స్ పెరిగితే వెంటనే మోటార్ ఆపేయాలి.
* వోల్టేజీ బాగానే ఉండి ఆంప్స్ బాగా తగ్గితే బోరులో నీళ్లు అయిపోయి ఉండొచ్చు. సబ్‌మెర్సిబుల్‌ను చల్లబరిచేది ఆ నీళ్లే కాబట్టి అప్పుడూ ఆపాల్సిందే.
* క్లాంప్ మీటర్‌ను ఒక్క తీగకే తగిలించాలి. మూడింటికీ కలిపి పెడితే సున్నా దగ్గరే చూపిస్తుంది.
* ఒక ఫేజ్ పోతే మిగతా రెండింటిపై భారం పడుతుంది. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ తప్పనిసరి.
* కరెంట్ రాగానే మోటార్లన్నీ ఆటో స్టార్టర్‌తో ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్‌పై వోల్టేజీ ఇంకా పడిపోతుంది. పక్క రైతులతో మాట్లాడుకుని కొన్ని నిమిషాల తేడాతో వేసుకుంటే అందరి మోటార్లకూ మంచిది.

తడి చేతులతో స్టార్టర్ డబ్బా తెరవొద్దు. వోల్టేజీ రోజూ తక్కువగానే ఉంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. ఏ సమయంలో ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంప్స్ ఉన్నాయో రాసి పెట్టుకుంటే లైన్‌మన్‌కు సమస్య చూపించడం తేలికవుతుంది.