తోక నుంచి ఛాసిస్ నంబరు దాకా: పెనుకొండ సీమలో బండి బేరం

పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ఉన్న సీమలో వాహనాల కొనుగోలు గురించి దొరికే పాత లెక్కలు గుర్రాలవి. విజయనగర రాజులకు కావలసిన యుద్ధాశ్వం ఈ నేల మీద పుట్టేది కాదు. అరేబియా, పర్షియా గుర్రాలు హొర్ముజ్‌లో ఓడెక్కి, భట్కల్, గోవా రేవుల్లో దిగి, కనుమలెక్కి లోపలికి వచ్చేవి. వీటికి పలికిన ధరలను ఫెర్నావ్ నూనిజ్ రాసిపెట్టాడు. ఈ పోర్చుగీసువాడు 1535 ప్రాంతంలో విజయనగరంలో మూడేళ్లు ఉన్నాడు. తాను కూడా గుర్రాల వర్తకుడే కాబట్టి బేరాల విషయంలో అతని మాటకు కొంత ఎక్కువ విలువే ఇవ్వాలి.

తనకంటే ముందు కాలంలో ఏలిన సాళువ నరసింహరాయలు వెయ్యి పర్దావులకు (అప్పటి బంగారు నాణేలకు) మూడు చొప్పున గుర్రాలు కొనేవాడని నూనిజ్ రాశాడు. బతికున్నా చచ్చినా ధర ఒకటే. ఓడలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికిచ్చినంతా ముట్టేది. పైకి వెర్రి దాతృత్వంలా కనిపిస్తుంది గానీ రాజు లెక్క గట్టిదే. సముద్రం మీది నష్టాన్ని తన నెత్తిన వేసుకోకపోతే వర్తకుడు ఇటు రాడు, ఆ గుర్రాలు శత్రువు శాలకు చేరతాయి. దూరదేశాల నుంచి ఏనుగులు, గుర్రాలు తెచ్చే వర్తకులను మంచి ధర, ఊళ్లు, కొలువులో మర్యాద ఇచ్చి తనవాళ్లను చేసుకోవాలని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పిందీ ఇందుకే. 1547లో గోవా పోర్చుగీసువారితో కుదిరిన ఒప్పందంలోనూ గుర్రాలు బిజాపూరుకు కాక విజయనగరానికే రావాలన్న షరతు ఉంది.

నూనిజ్ ఉన్నప్పటి రాజు కొనడమే కాదు, అమ్మేవాడు కూడా. ఏటా హొర్ముజ్ గుర్రాలూ నాటు గుర్రాలూ కలిపి 13 వేలు కొని, మేలైనవి తన శాలకు ఉంచుకుని, నాటువాటిని వెయ్యి పర్దావులకు ఐదు చొప్పున సేనానులకు ఇచ్చేవాడు. డబ్బు సెప్టెంబరు నెలలో కట్టి తీరాలి. ఆ సొమ్ముతోనే పోర్చుగీసువారి అరబ్బు గుర్రాల బాకీ తీరేది, ఖజానా నుంచి చిల్లిగవ్వ కదిలేది కాదు. సేనానికి వద్దనే వీలు లేదు గనక దీన్ని బేరం అనడం కంటే పన్ను అనడమే సబబు.

1565లో రాక్షసతంగడి యుద్ధంతో రాజ్యంతో పాటు ఈ పరపతీ కూలింది. రెండేళ్లకు విజయనగరం వచ్చిన సీజర్ ఫెడెరిచి అనే వెనిస్ వర్తకుడు ఆ కథ చెప్పాడు. అతను గోవా నుంచి ఇద్దరు గుర్రాల వర్తకుల తోడుగా వచ్చాడు. మంచి ధర ఇస్తాను, గుర్రాలుంటే తెమ్మని, యుద్ధం తర్వాత రాజ్యం నడిపిన తిరుమలరాయలు గోవాకు కబురు పంపాడు. యుద్ధంలో చేజారిన గుర్రమైనా సరే, దాని మీద తన ముద్రే ఉన్నా సరే, అడిగినంత ఇస్తానన్నాడు. తెచ్చేవారికి అభయం కూడా ఇచ్చాడు. గుర్రాలు వచ్చినంతకాలం తీపి మాటలతో నెట్టుకొచ్చి, ఇక వచ్చేవి లేవని తేలాక వర్తకులను ఉత్త చేతులతో పంపేశాడు. వాళ్లు దుఃఖంతో పిచ్చివాళ్లలా అయిపోయారని ఫెడెరిచి రాశాడు. అదే 1567లో రాజు కొలువు ఎనిమిది రోజుల ప్రయాణం దూరంలో ఉన్న పెనుకొండ కోటకు తరలింది. పెనుకొండ రాజధాని అయిన ఏడూ, గుర్రాల సొమ్ము ఎగ్గొట్టిన ఏడూ ఒకటే. తోకకు కూడా డబ్బిచ్చిన గద్దె నూరేళ్లలోపే బతికున్న గుర్రానికి డబ్బివ్వలేని స్థితికి వచ్చింది. 1592లో రాజధాని చంద్రగిరికి పోయాక పెనుకొండకు మిగిలింది దుర్గమే.

గుర్రం దొరల వాహనం. రైతు వాహనం ఎద్దుల బండి, అది ఊళ్లోనే తయారయ్యేది. వడ్రంగి, కమ్మరి ఇద్దరూ ఊరి పనులు చేసే ఆయగాళ్లే. నాగలి, గొర్రు బాగుచేయడం వంటి ఏటేటి పనులకు కళ్లంలో మేర, అంటే పంటలో వాటా, కొలిచేవారు. కొత్త బండి ఆ మేరలోకి రాదు, దానికి కూలి వేరే మాట్లాడుకోవాలి. చెక్క చాలాసార్లు రైతే ఇచ్చేవాడు. నల్లతుమ్మ మాను కొట్టి నీడన ఆరబెట్టేవారు. పచ్చి చెక్కతో తొందరపడి చేసిన చక్రం ఈ సీమ ఎండకు ఒక్క వేసవిలోనే వదులై, ఆకులు కదిలిపోయేవి.

బండి తయారీలో అసలు పరీక్ష చక్రానికి ఇనప పట్టా ఎక్కించడం. పట్టాను చక్రం చుట్టుకొలత కంటే కాస్త తక్కువగా అతికేవారు. దాన్ని నేల మీద పరిచి, పైనా కిందా పిడకలు పేర్చి ఎర్రగా కాల్చేవారు. ఇద్దరు ముగ్గురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీదికి దించగానే చెక్క పొగలు కక్కేది. అంటుకునేలోగా చుట్టూ నీళ్లు కుమ్మరించేవారు. చల్లారుతూ ముడుచుకున్న ఇనుము ఆకులను, చుట్టు చెక్కలను నడిమి దుంగలోకి బిగించేది. కొలత ఎక్కువైతే పట్టా నడిదారిలో ఊడిపోతుంది, తక్కువైతే బిగువుకు చక్రమే వంకర పోతుంది. కమ్మరి పనితనమంతా ఆ కొలతలోనే ఉంది.

పాత బండి చేతులు మారేటప్పుడు కాగితం ఉండేది కాదు, నంబరు ఉండేది కాదు. కొనేవాడు చక్రం లేపి తిప్పి చూస్తాడు, ఇరుసు దగ్గర ఎంత ఆడుతోందో పట్టి ఊపుతాడు, పట్టా అరుగుదల వేలితో తడుముతాడు. ఫలానా ఊరి వడ్రంగి చేసిన బండి అన్న మాటే హామీ. చేసినవాడు అదే ఊళ్లో, పిలిస్తే పలికే దూరంలో ఉండటమే ఆ హామీకున్న బలం.

బండి కంటే దాన్ని లాగే జతకే ఖరీదెక్కువ. హిందూపురం మైసూరు సరిహద్దున ఉండటంతో ఇక్కడి రైతు చూపు హళ్లికార్ ఎద్దుల మీద ఉండేది. సన్నని ఒళ్లు, పొడుగు కొమ్ములు, పరుగులాంటి నడక ఈ జాతి గుర్తులు. దొడ్డబళ్లాపురం దగ్గరి ఘాటి సుబ్రహ్మణ్య పరస చలికాలపు పెద్ద పశువుల సంత. పరసలో ధర నోటితో చెప్పరు. దళారి తువ్వాలు కప్పి, దాని కింద అమ్మేవాడి వేళ్లు పట్టుకుంటాడు. వేళ్ల లెక్కే ధర. ఆ చేయి వదిలి కొనేవాడి చేయి పట్టుకుంటాడు. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నా ఆ జత ఎంత పలికిందో మూడో మనిషికి తెలియదు. నోరు తెరిచి పళ్లు చూస్తే వయసు తేలుతుంది. రెండు పళ్లది, నాలుగు పళ్లది, ఆరు పళ్లది అని ధర మారుతుంది. ఇక సుడులు. ఒంటి మీద సుడి ఉండకూడని చోట ఉంటే ఎంత మంచి కోడెకైనా ధర పడిపోతుంది. పళ్ల లెక్కలో శాస్త్రం ఉంది, సుడుల లెక్కలో ఉన్నది నమ్మకమే. బేరంలో మాత్రం రెండింటిదీ ఒకటే బరువు.

ఈ సీమ బండలాగుడు పోటీలు కూడా ఇదే పళ్ల లెక్కతో నడుస్తాయి. పాలపళ్ల కోడెలకు ఒక తరగతి, రెండు పళ్లవాటికి ఒకటి, అలా పైదాకా. నిర్ణీత సమయంలో రాతి బండను ఎంత దూరం లాగాయన్నదే గెలుపు. పేరుకు ఇది తిరునాళ్ల వేడుక, పనికి మాత్రం పశువుల అమ్మకానికి ఇంతకు మించిన ప్రదర్శన లేదు. గెలిచిన జత ధర సేద్యపు ఎద్దుల ధరతో పోల్చడానికి వీల్లేనంత పైకి పోతుంది.

1890ల తొలినాళ్లలో గుంతకల్లు నుంచి బెంగళూరుకు మీటరుగేజి రైలు మార్గం ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా పూర్తయింది. ధర్మవరం నుంచి పాకాల వైపు మరో లైను పడింది. రోజుల తరబడి సాగే బండి బాట తెగిపోయి, ఊరి నుంచి స్టేషను దాకా సాగే కురచ బాట మిగిలింది. హిందూపురం బెల్లం, చింతపండు మార్కెట్టుగా పెరిగిందంటే అందులో రైలుకెంత వాటా ఉందో, స్టేషనుకు సరుకు చేర్చిన బండ్లకూ అంతే ఉంది. తర్వాత రబ్బరు టైర్ల బండి వచ్చింది. దానితో వడ్రంగి చక్రానికీ, కమ్మరి పట్టాకూ పని పోయింది. ఈ సీమలో తయారీ మాత్రం ఆగలేదు. ట్రాక్టరు వచ్చాక దాని వెనుక తగిలించే ట్రాలీని పట్టణాల్లోని వెల్డింగు షాపులే చేసి అమ్మాయి.

ఈలోగా బండికి కాగితం పుట్టింది. 1914లో మోటారు వాహనాల చట్టం, 1939లో మరొకటి, ఇప్పుడు అమల్లో ఉన్నది 1988 నాటిది. కొత్త వాహనం రిజిస్టరు కావాలంటే డీలరు ఇచ్చే అమ్మకపు ధ్రువపత్రం, వాహనం రోడ్డుకు తగినదేనని తయారీదారు ఇచ్చే పత్రం ఉండాలి. అంతకు ముందే ఆ నమూనా పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలో పరీక్ష నెగ్గాలి. పాత వాహనం అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాడు, 30 రోజుల్లో కొన్నవాడు రవాణా శాఖకు తెలపాలి. ఇరుసు ఊపి చూసే చోటికి ఛాసిస్ నంబరు వచ్చింది.

ఈ చట్రంలో ఇమడని బండి పేరు జుగాడ్. ఉత్తర భారతంలో డీజిలు పంపు ఇంజను తెచ్చి చెక్క బండికి బిగించి నడిపేవారు. 2013లో సుప్రీంకోర్టు అది కూడా మోటారు వాహనమేనని, చట్టం దానికీ వర్తిస్తుందని తేల్చింది. 2019 జనవరిలో మరో తీర్పులో, తయారీదారు ఇచ్చిన ఆకృతిని మార్చి వాహనం నడపరాదని చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణతో, ప్రమాణాలకు లోబడని వాహనాన్ని తయారీదారు గానీ డీలరు గానీ అమ్మితే ఒక్కో వాహనానికి లక్ష రూపాయల జరిమానా, ఏడాది దాకా జైలు పడవచ్చు.

సరిగ్గా ఆ 2019లోనే పెనుకొండ మళ్లీ వాహనాల ఊరైంది. 2017 ఏప్రిల్‌లో కియా సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 536 ఎకరాల్లో 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో కర్మాగారం కట్టింది. తొలి సామర్థ్యం ఏటా 3 లక్షల కార్లు. 2019 ఆగస్టులో సెల్టోస్ అమ్మకానికి వచ్చింది, 2023 జులైలో పదిలక్షలవ కారు బయటికొచ్చింది. గుర్రాలు దిగుమతైన సీమ నుంచి కార్లు ఎగుమతి అవుతున్నాయి.

ఇంట్లో తయారైన పరుగు బండికి, అంటే బగ్గీకి, మాత్రం ఇక్కడి రోడ్డు మీద చోటు లేదు. దాని పుట్టిల్లు అమెరికా. 1964లో కాలిఫోర్నియాలో బ్రూస్ మేయర్స్ పడవలు చేసే ఫైబర్‌గ్లాసుతో తేలికైన తొట్టి పోసి, దానికి ఫోక్స్‌వాగన్ బీటిల్ భాగాలు బిగించాడు. 1967లో మెక్సికో ఎడారిలో జరిగిన తొలి పెద్ద పందెంలో మ్యాంక్స్ అనే అతని బగ్గీయే నెగ్గింది. అతను బండి కంటే ఎక్కువగా బండి సామాను అమ్మాడు, కొన్నవాడు ఇంటి దగ్గర బిగించుకునేవాడు. పేటెంటు కోర్టులో నిలవకపోవడంతో అనుకరణలు వెల్లువెత్తి 1971లో కంపెనీ మూతపడింది. మన వైపు ఇలాంటి ప్రయత్నాల్లో పెద్దది కోయంబత్తూరు నూలు మిల్లుల కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్‌ది. 1980ల చివర ఆయన మారుతి 800 ఇంజనుతో పందెపు కార్లు కట్టి, మామూలు కుర్రాళ్లకు అందే ఖర్చులో ఫార్ములా మారుతి పందేలు నడిచేలా చేశాడు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరులోని ట్రాక్ ఆయన పేరుతోనే ఉంది.

ఇక రాళ్లూ గుంతలూ దూకే బగ్గీలను నేడు ఎక్కువగా కడుతున్నది ఇంజనీరింగు విద్యార్థులు. 2007లో ఇండోర్ దగ్గరి పీథంపూర్‌లో బాహా ఎస్ఏఈ ఇండియా పోటీలు మొదలయ్యాయి. ఇనుప గొట్టాలు వంచి పంజరంలాంటి చట్రం వెల్డు చేసి, ఒక్కరు కూర్చునే బండి కట్టాలి. సాంప్రదాయిక తరగతిలో అందరికీ ఒకే రకం ఇంజను, 10 అశ్వశక్తి బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్. చివర నాలుగు గంటల ఓర్పు పందెం. వీటితో పాటు అమ్మకపు పరీక్ష కూడా ఉంది. లేని కంపెనీ ఒకటి ఉందనుకుని, మా బండిని మీరు వేల సంఖ్యలో తయారు చేస్తే లాభమని న్యాయనిర్ణేతలను ఒప్పించాలి. బండి నిజం, ఇంజను నిజం, కొనేవాడు మాత్రం కల్పితం. చట్టం ముందు ఆ బండి ఉన్న స్థితిని ఇంతకంటే సూటిగా చెప్పలేం.

నిజంగా చేతులు మారే బగ్గీలు లేకపోలేదు. 1988 చట్టంలో మోటారు వాహనానికిచ్చిన నిర్వచనం నుంచి, కర్మాగారంలో గానీ మరేదైనా ఆవరణలో గానీ మాత్రమే వాడేలా చేసిన ప్రత్యేక వాహనాన్ని మినహాయించారు. ఆవరణ దాటించాలంటే లారీ ఎక్కించాల్సిందే. ఇలాంటి బండికి ఆర్‌సీ ఉండదు, పేరు మార్పిడీ ఉండదు. అందుకని కొనేవారు వెల్డింగు అతుకులు, చక్రాల ఊపు కళ్లతో చూసుకోవడంతో పాటు ఇంజను కొన్న బిల్లు అడగాలి. ఇంజను పాత కారులోంచి తీసినదైతే ఆ కారు రిజిస్ట్రేషన్ రద్దయినట్టు కాగితం చేతికొచ్చేదాకా డబ్బు ఇవ్వకూడదు.