నాలుగు అంగుళాల సందు

కాలిఫోర్నియాలో పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టుకోవాలంటే స్థానిక భవన విభాగం నుంచి పర్మిట్ తీసుకోవాలి. అక్కడ ఇళ్ళు కొనుక్కున్న మన తెలుగువాళ్ళలోనూ ఆ షరతులు చూసి విసుక్కునేవాళ్ళున్నారు. అవి ఎలా పుట్టాయో తెలిస్తే విసుగు నిలవదని నా నమ్మకం.

రెండో ప్రపంచయుద్ధానికి ముందు సొంత పూల్ సినిమా తారల వైభవం. యుద్ధం ముగిశాక మధ్యతరగతి ఇళ్ళకూ వచ్చింది. ఇనుప చువ్వల మీద కాంక్రీటును గాలి ఒత్తిడితో చిమ్మే పద్ధతితో ఏ ఆకారమైనా కట్టగలిగారు. 1948లో సొనోమాలో థామస్ చర్చ్ రూపొందించిన డానెల్ తోటలోని వంపుల పూల్ ఎందరికో నమూనా అయింది. అప్పట్లో పర్మిట్‌కు ముఖ్యంగా కట్టడాన్నే చూసేవారు: హద్దుకు ఎంత దూరం, చువ్వలు సరిగా కట్టారా, కరెంటు నీటిలోకి రాకుండా ఎర్తింగ్ ఉందా. కంచె సంగతి ఊరికో తీరుగా ఉండేది.

నీట మునిగే పసివాడు కేక వేయడు. పెద్దవాళ్ళు ఫోన్ ఎత్తి పెట్టేలోగా అయిపోతుంది. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్ని బలిగొనే ప్రధాన కారణాల్లో ఇదొకటి. అందుకే 1996లో రాష్ట్రం పూల్ భద్రత చట్టం చేసింది. 1998 జనవరి 1 నుంచి పర్మిట్ పొందే పూల్‌కు కంచో, అలారమో, భద్రతా కవరో, ఏదో ఒక రక్షణ తప్పనిసరైంది.

కంచె కొలతలు చూడండి. ఎత్తు 60 అంగుళాలు. కింద నేలకూ కంచెకూ మధ్య రెండు అంగుళాలకు మించి ఖాళీ ఉండకూడదు. ఏ సందులోనూ నాలుగు అంగుళాల బంతి దూరకూడదు. ఐదేళ్ళలోపు పిల్లలు పట్టుకుని ఎక్కడానికి బయటివైపు ఆసరా ఉండకూడదు. గేటు పూల్ నుంచి బయటివైపుకు తెరుచుకోవాలి; వదిలేస్తే దానంతటదే మూసుకుని గడియ పడాలి. ఇవన్నీ పసివాడి తలనూ చేతినీ కొలిచి రాసినట్టుంటాయి.

స్పాల విషయంలో ప్రమాదం అడుగున ఉంది. 2002లో మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు, ఏడేళ్ళ గ్రేమ్, హాట్ టబ్ అడుగున నీళ్ళు లాగే రంధ్రానికి అతుక్కుపోయింది. కన్నతల్లి లాగినా విడిపించలేకపోయింది. ఆ పాప పేరుతో 2007లో వచ్చిన కేంద్ర చట్టం మేరకు, అలాంటి రంధ్రాలకు ప్రమాదం కలిగించని మూతలనే దేశంలో అమ్మాలి. తాళం పడే భద్రతా కవరున్న హాట్ టబ్‌కు కాలిఫోర్నియా చట్టం కంచె అడగదు.

ఒక్క రక్షణ చాలదని అనుభవంలో తేలింది. 2018 నుంచి కొత్త పూల్‌కైనా, పాతదాన్ని మార్చికట్టే పర్మిట్‌కైనా చట్టం చెప్పిన ఏడు రక్షణల్లో రెండు ఉండాలి. ఇన్‌స్పెక్టర్ వచ్చి వాటిని చూశాకే తుది ఆమోదం.

నా బాధంతా పాత పూళ్ళ గురించే. 1998కి ముందు కట్టినవాటికి మళ్ళీ పర్మిట్ అడిగేదాకా ఈ చట్టం వర్తించదు. ఇల్లు అమ్మేటప్పుడు తనిఖీకి వచ్చినవాడు ఏ రక్షణలు ఉన్నాయో నివేదికలో రాస్తాడు. పెట్టించమని ఆదేశించే అధికారం అతనికి లేదు.