తిండి మానిన జబ్బు పిల్లికి ఆహారం తినిపించే విధానం

జబ్బుపడిన పిల్లి తిండి మానివేయడం ఆ జబ్బుకు ఒక గుర్తు మాత్రమే కాదు. అది కొద్ది రోజులలోనే మరొక ప్రమాదకరమైన జబ్బుకు కారణమవుతుంది. వడ్ల బస్తాలను, వేరుశనగ కుప్పలను ఎలుకల బారి నుండి కాపాడే పిల్లి ఒక మూల ముడుచుకొని పడుకున్నప్పుడు, రెండు రోజులు పోతే అదే తింటుందిలే అని ఊరుకోవడం గ్రామాలలో పరిపాటి. పిల్లి విషయంలో ఈ ఓర్పు ప్రాణాంతకం కావచ్చు. పిల్లి ఎందుకు తినదు, ఎలా తినిపించాలి, ఇంటి ప్రయత్నం ఎక్కడ ఆపి వైద్యుని వద్దకు వెళ్లాలి అనే విషయాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

పిల్లికి లంఖణం పనికిరాదు

లంఖణం పరమౌషధం అన్న నానుడి మనుషులకు కొన్ని జబ్బులలో వర్తించవచ్చు గాని, పిల్లికి వర్తించదు. పిల్లి పూర్తిగా మాంసాహార జంతువు. దాని శరీరం మాంసకృత్తులను నిరంతరం ఖర్చు చేస్తూనే ఉంటుంది. ఆహారం ఆగిపోయినప్పుడు శరీరంలో నిలువ ఉన్న కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వును ఒక్కసారిగా వినియోగించుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. కొవ్వు పేరుకొని కాలేయం ఉబ్బి, పని మందగిస్తుంది. కామెర్లు కనిపిస్తాయి. చెవుల లోపలి చర్మం, చిగుళ్లు, కనుగుడ్ల తెల్లభాగం పసుపుపచ్చగా మారతాయి. లావుగా ఉన్న పిల్లులకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. కొన్ని రోజుల ఉపవాసమే ఇందుకు చాలు.

అందువలన పెద్ద పిల్లి 24 గంటలపాటు ఏమీ తినకపోతే వైద్యుని సంప్రదించాలి. చిన్న పిల్లి కూనల విషయంలో 12 గంటలు కూడా ఆగరాదు.

తినకపోవడానికి కారణాలు

ఆకలి లేకపోవడం వేరు, ఆకలి ఉన్నా తినలేకపోవడం వేరు. పిల్లి గిన్నె దగ్గర ఎలా ప్రవర్తిస్తుందో గమనిస్తే ఈ తేడా తెలుస్తుంది.

ముక్కుదిబ్బడ: పిల్లి ఆహారాన్ని ముందుగా వాసనతో గుర్తిస్తుంది. పిల్లులకు వచ్చే జలుబు వైరస్‌ల వలన ముక్కు మూసుకుపోతే ఎదుట చేప ఉన్నా ముట్టదు.

నోటి బాధ: గిన్నె దగ్గరకు ఆత్రంగా వచ్చి, ఒక ముద్ద నోట పెట్టుకొని వదిలివేయడం, ఒకవైపే నమలడం, చొంగ కార్చడం దీని గుర్తులు. చిగుళ్ల వాపు, నాలుక మీద పుండ్లు, గొంతులో గుచ్చుకున్న ముల్లు కారణం కావచ్చు.

వికారం: ఆహారం చూసి తల తిప్పుకోవడం, పెదవులు నాకుకోవడం, మాటిమాటికీ గుటకలు వేయడం, మట్టితో కప్పుతున్నట్లు గిన్నె పక్కన నేలను గీరడం వికారానికి సూచనలు. ముసలి పిల్లులలో మూత్రపిండాల జబ్బు వలన ఇది తరచుగా కలుగుతుంది. అటువంటి పిల్లి ఎక్కువగా నీరు తాగుతుంది, బరువు తగ్గుతుంది.

అంటురోగాలు, విషాలు: టీకా వేయని కూనలకు పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ వ్యాధి సోకితే జ్వరం, వాంతులు, విరేచనాలు కలిగి వేగంగా క్షీణిస్తాయి. ఎలుకల మందు తిన్న ఎలుకను తిన్నా పిల్లికి విషం ఎక్కవచ్చు.

వెంటనే వైద్యుని వద్దకు తీసుకుపోవలసిన స్థితులు

నోరు తెరిచి ఆయాసపడటం, మాటిమాటికీ వాంతులు, ఎక్కడి నుండైనా రక్తం కారడం, కామెర్లు, లేవలేని నీరసం కనిపిస్తే ఇంటి ప్రయత్నాలతో కాలయాపన చేయరాదు. మగపిల్లి మూత్రానికి కూర్చొని ముక్కుతూ ఒక్క చుక్క కూడా విడవలేకపోతే అది అత్యవసర స్థితి. గంటలు గడిచేకొద్దీ ప్రాణాపాయం పెరుగుతుంది. భుజాల మధ్య చర్మాన్ని పైకి లాగి వదిలినప్పుడు వెంటనే యథాస్థానానికి రాకపోతే, చిగుళ్లు తడిలేక అంటుకుంటూ ఉంటే శరీరంలో నీరు తగ్గినట్లు గ్రహించాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక అవసరం. చొంగ కార్చుతూ, మింగలేక, స్వభావం మారి మీదపడే పిల్లికి రేబీస్ ఉండే అవకాశం ఉన్నది. దాని నోటిలో వేలు పెట్టడం, బలవంతంగా తినిపించడం ఎంతమాత్రం చేయరాదు. పిల్లలను దూరంగా ఉంచాలి. ఏ పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా రక్కినా గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లి రేబీస్ టీకా విషయం వైద్యునికి చెప్పాలి. పసుపు, సున్నం, కారం పూయరాదు.

ఆహారం పెట్టే పద్ధతి

మొదటిది స్థలం. జబ్బు పిల్లికి చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న మూల కావాలి. కుక్కలు, ఇతర పిల్లులు, ఆడుకునే పిల్లలు అక్కడికి రాకూడదు. పిల్లి మలమూత్రాలు విడిచే ఇసుక పెట్టెకు, తిండి గిన్నెకు మధ్య దూరం ఉండాలి. లోతైన గిన్నె కంటే వెడల్పుగా, పల్లంగా ఉన్న పళ్లెం మేలు. నీటి గిన్నె వేరుగా, దగ్గరలోనే ఉంచాలి.

రెండవది ముక్కు శుభ్రత. గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో ముక్కు చుట్టూ, కళ్ల చుట్టూ అంటుకున్న పుసిని మెత్తబరచి తుడవాలి. స్నానాల గదిలో వేడినీటి ఆవిరి నిండిన తరువాత, వేడి పాత్రను పిల్లికి అందకుండా ఉంచి, పది నిమిషాలు పిల్లితో కూర్చుంటే దిబ్బడ కొంత సడలుతుంది. కర్పూరం, యూకలిప్టస్ తైలం కలిసిన బాములను పిల్లికి రాయరాదు. ఒళ్లు నాకి శుభ్రపరచుకునే అలవాటు వలన అవి కడుపులోకి పోతాయి.

మూడవది వేడి. చల్లారిన మాంసానికి వాసన తక్కువ. ఆహార పాత్రను వేడినీటి గిన్నెలో కొద్దిసేపు ఉంచి గోరువెచ్చగా చేయాలి. పిల్లి శరీర ఉష్ణోగ్రత సుమారు 38 నుండి 39 డిగ్రీల సెల్సియస్. ఆహారం అంతకు మించరాదు. పసిబిడ్డ పాలు చూసినట్లు మణికట్టుపై ఒక చుక్క వేసి చూసుకోవాలి.

నాల్గవది ఆహారం ఎంపిక. ఉప్పు, కారం, మసాలా లేకుండా ఉడికించి, ఎముకలు తీసిన కోడిమాంసం, ముళ్లు తీసిన చేప, ఉడికించిన గుడ్డు ఇంట్లో సులభంగా దొరికేవి. కోడి కార్జం వాసన పిల్లులను బాగా ఆకర్షిస్తుంది. దానిని మెదిపి కొద్దిగా పైన కలిపితే చాలు. రోజూ ఎక్కువగా పెడితే విటమిన్ ఎ మోతాదు మించుతుంది. నెత్తళ్లు దొరికే చోట ఉప్పు వేయని పచ్చి చేపలను ఉడికించి, ఆ నీటిని మాంసంపై చల్లవచ్చు. ఎండుచేపలలో ఉప్పు ఎక్కువ కనుక మూత్రపిండాల జబ్బున్న పిల్లికి అవి తగవు. పట్టణాలలో దొరికే పిల్లుల తడి ఆహారం పొట్లాలు కూడా మంచివే. వాటిలో పిల్లికి కావలసిన పోషకాలు సమపాళ్లలో ఉంటాయి.

పిల్లికి పాలు అన్న మాట సామెతలలో స్థిరపడింది గాని, ఎదిగిన పిల్లులలో చాలా వాటికి పాలలోని చక్కెర అరగక విరేచనాలు అవుతాయి. పాలలో బెల్లం, పంచదార కలిపి ఆశపెట్టడం వ్యర్థం. తీపిని గుర్తించే జన్యువు పిల్లులలో పనిచేయదని 2005లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. పాలన్నం, గంజి జబ్బు పిల్లిని నిలబెట్టలేవు. మాంసం, చేపలలో లభించే టారిన్ అనే పదార్థం లోపిస్తే పిల్లి చూపు దెబ్బతింటుందని 1975లోను, గుండె కండరం బలహీనపడుతుందని 1987లోను ప్రచురితమైన పరిశోధనలు చూపాయి.

ఐదవది పరిమాణం. ఒక చెంచాడు మాత్రమే పళ్లెంలో పెట్టి, ఇరవై నిమిషాలలో ముట్టకపోతే తీసివేయాలి. రెండు మూడు గంటల తరువాత తాజాగా మళ్లీ పెట్టాలి. రకరకాల గిన్నెలను చుట్టూ పేర్చడం వలన పిల్లికి ఆహారమంటేనే ఏవగింపు కలుగుతుంది. వికారంగా ఉన్నప్పుడు ఎదుట ఉంచిన ఆహారాన్ని పిల్లి కోలుకున్న తరువాత కూడా ముట్టకపోవచ్చు. అదే కారణంగా ఇష్టమైన ఆహారంలో చేదు మాత్రలు కలపరాదు.

కొన్ని పిల్లులు పళ్లెం నుండి తినకపోయినా యజమాని వేలికి అంటిన ముద్దను నాకుతాయి. ముందుకాలి పంజాపై కొద్దిగా రాస్తే శుభ్రపరచుకునే అలవాటుతో రుచి చూస్తాయి. తల, మెడ మెల్లగా నిమురుతూ ఇంటిలో దానికి అలవాటైన మనిషి దగ్గర కూర్చోవడం చాలా పిల్లులలో పనిచేస్తుంది.

ఎంత తినాలి

కదలక పడుకున్న 3 కిలోల పిల్లికి రోజుకు సుమారు 160 కేలరీలు, 4 కిలోల పిల్లికి సుమారు 200 కేలరీలు కావాలి. చర్మం తీసి ఉడికించిన కోడిమాంసం 100 గ్రాములలో సుమారు 160 కేలరీలు ఉంటాయి. అయితే చాలా రోజులు పస్తున్న పిల్లికి మొదటి రోజే పూర్తి ఆహారం పెట్టడం ప్రమాదం. రక్తంలోని లవణాలు తారుమారు కావచ్చు. మొదటి రోజు నాల్గవ వంతు లేక మూడవ వంతుతో ఆరంభించి, మూడు నాలుగు రోజులలో పూర్తి మోతాదుకు తేవాలి. ఉత్త కోడిమాంసం కొద్ది రోజులకే సరిపోతుంది. అందులో కాల్షియం వంటివి చాలవు.

తిన్నది, తాగినది, వాంతి, మలమూత్రాలు ఒక నోటు పుస్తకంలో రాయాలి. పిల్లిని సంచిలో ఉంచి ఒకే తక్కెడపై రోజూ తూస్తే బరువు తగ్గుతున్నదో లేదో తెలుస్తుంది. వైద్యునికి ఈ లెక్క ఎంతో ఉపయోగపడుతుంది.

పెట్టకూడనివి

ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను నాశనం చేస్తాయి. మన కూరలన్నిటిలోనూ ఇవి ఉంటాయి కనుక కూరలోని ముక్కను కడిగి పెట్టినా క్షేమం కాదు. ఉడికించిన ఎముకలు చీలి గొంతులో, పేగులలో గుచ్చుకుంటాయి. జ్వరమని పారాసిటమాల్ మాత్ర వేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. దానిని విరిచివేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్రతో పిల్లి చనిపోవచ్చు. మనుషుల నొప్పి మాత్రలు ఏవీ వైద్యుడు చెప్పకుండా వేయరాదు.

సిరంజితో తినిపించడం

వైద్యుడు సరేనన్న తరువాతనే దీనిని చేపట్టాలి. సూది లేని సిరంజిలో జావలా మెత్తగా రుబ్బిన ఆహారం తీసుకోవాలి. పిల్లిని తువాలులో చుట్టి, పొట్టపై కూర్చున్న భంగిమలో, తల సమంగా ఉంచాలి. సిరంజి కొనను నోటి పక్కన కోరపన్ను వెనుక ఉన్న సందులో పెట్టి, అర మిల్లీలీటరు మాత్రమే వదిలి, మింగిన తరువాతనే మరికొంత ఇవ్వాలి. తల వెనక్కి వంచి పోస్తే ఆహారం ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా వస్తుంది. దగ్గినా, పెనుగులాడినా ఆపివేయాలి. స్పృహ తగ్గిన పిల్లికి, ఆయాసపడే పిల్లికి నోటి ద్వారా ఏమీ పోయరాదు.

వైద్యుడు చేయగలిగినవి

వైద్యుడు నీరు ఎక్కించి, వికారం తగ్గే మారోపిటాంట్ వంటి మందు ఇవ్వగలడు. మిర్టాజపీన్ ఆకలి పుట్టిస్తుంది. చెవికి పూసే మిర్టాజపీన్ లేపనానికి అమెరికాలో 2018లో అనుమతి లభించింది. అయితే ఆకలి మందు జబ్బుకు మందు కాదు. నొప్పి, వికారం తగ్గకుండా అది ఒక్కటే ఇస్తే ఫలితం స్వల్పం. పిల్లి తినకపోతే ముక్కు ద్వారా సన్నని గొట్టం, లేదా మత్తు ఇచ్చి మెడ పక్క నుండి అన్నవాహికలోకి గొట్టం అమర్చి ఆహారం అందిస్తారు. చూడడానికి కష్టంగా తోచినా, రోజూ బలవంతపెట్టడం కంటే పిల్లికి ఇది సుఖం. మెడ గొట్టంతో ఇంటి వద్దనే వారాల తరబడి పోషించవచ్చు. కాలేయంలో కొవ్వు పేరుకున్న పిల్లులు సకాలంలో ఇటువంటి పోషణ అందితే కోలుకునే అవకాశం బాగా ఉన్నది.

సరిహద్దు గ్రామాల వారికి

సరిహద్దు ప్రాంతాలలో దగ్గరి పశువైద్యశాల పక్క రాష్ట్రంలో ఉండవచ్చు. కర్ణాటకలో దీనిని పశు చికిత్సాలయ అనీ, తమిళనాడులో కాల్‌నడై మరుత్తువమనై అనీ, మహారాష్ట్రలో పశువైద్యకీయ దవాఖానా అనీ అంటారు. పిల్లిని కన్నడంలో బెక్కు, తమిళంలో పూనై, మరాఠీలో మాంజర్, ఒడియాలో బిలేఇ అంటారు. 1962 అనే ఉచిత ఫోను నంబరుపై పలు రాష్ట్రాలలో సంచార పశువైద్య సేవ నడుస్తున్నది. అది ప్రధానంగా పాడి పశువులకు ఉద్దేశించినది కనుక పిల్లిని చూస్తారో లేదో ముందే అడగాలి. గొట్టం అమర్చడం, రక్తపరీక్షల వంటి వాటికి తిరుపతి, చెన్నై వేపేరి, బెంగళూరు హెబ్బాళ, నాగపూరు, భువనేశ్వర్‌లలోని పశువైద్య కళాశాలలను ఆశ్రయించవచ్చు. ప్రయాణంలో పిల్లిని గాలి ఆడే బుట్టలో పాతగుడ్డ పరచి, పైన గుడ్డ కప్పి తీసుకువెళ్లాలి.

కోలుకోని స్థితిలో

మూత్రపిండాలు పూర్తిగా చెడిన, కణితి ముదిరిన పిల్లి తిండి మానడం కొన్నిసార్లు అంత్యకాలపు లక్షణం. నొప్పి, వికారం తగ్గించినా, వైద్యుడు చేయగలిగినది చేసినా తిననప్పుడు నోటిలో కుక్కడం వలన దానికి బాధ తప్ప మేలు లేదు. అప్పుడు పెదవులు తడపడం, వెచ్చగా ఉంచడం, తెలిసిన మనిషి పక్కన ఉండడం చాలు. బాధ తీరని స్థితిలో సూదిమందుతో కారుణ్య మరణం ఇచ్చే మార్గం గురించి వైద్యునితో మాట్లాడవచ్చు.

ఆ నిర్ణయం మాత్రం పరీక్ష తరువాతనే జరగాలి. మూలన పడుకున్న పిల్లులలో చాలా వాటికి ముక్కు శుభ్రం చేయడం, పుండు మానడం, వికారం తగ్గడమే కావలసినది. అందుకు మొదటి 24 గంటలు విలువైనవి.