వెన్ను ద్రవం తోడివేత: బృహద్ధమని శస్త్రచికిత్సలో ముప్పులు

ఛాతీ నుంచి పొట్ట దాకా ఉబ్బిన బృహద్ధమనిని సరిచేసేటప్పుడు వెన్నుపాముకు రక్తం తగ్గి, రోగి కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. దాన్ని తప్పించేందుకు నడుము దగ్గర వెన్నెముకలోకి సన్నని గొట్టం పెట్టి మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే మస్తిష్క మేరు ద్రవాన్ని తీస్తారు. ద్రవ పీడనం తగ్గితే వెన్నుపాముకు రక్తం తేలిగ్గా అందుతుంది.

హ్యూస్టన్‌లో శస్త్రవైద్యుడు కోసెల్లీ బృందం 145 మందిపై జరిపిన అధ్యయనం 2002లో వెలువడింది. ద్రవం తీయనివారిలో 13 శాతం మందికి కాళ్లు పడిపోవడమో బలహీనపడటమో జరిగింది, తీసినవారిలో 2.6 శాతానికే.

అయితే గొట్టంతోనూ గండాలున్నాయి. ద్రవం వేగంగా కారిపోతే మెదడు కిందికి జారుతుంది. దాని ఉపరితలం నుంచి పైపొరకు సాగే సిరలు తెగి పుర్రె లోపల రక్తం చేరుతుంది. ప్రాణం పోవచ్చు కూడా. శస్త్రచికిత్సలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కనుక, సూది గుచ్చినచోట రక్తస్రావమై, చేరిన రక్తం వెన్నుపామునే నొక్కవచ్చు. మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము పొరల వాపు), ద్రవం కారుతూనే ఉండటం, తీవ్రమైన తలనొప్పి, తీసేటప్పుడు గొట్టం తెగి ముక్క లోపలే ఉండిపోవడం ఇతర చిక్కులు.

అందుకే పీడనాన్ని సాధారణంగా 10 మి.మీ. పాదరసం దగ్గర నిలుపుతూ, గంటకు 10-15 మిల్లీలీటర్లకు మించకుండా తీస్తారు. ద్రవంలో ఎర్రజీర కనిపిస్తే తీయడం ఆపి, తలకు సీటీ స్కాన్ చేయిస్తారు. రోగికి మెలకువ రాగానే కాళ్లు కదిలించమని పదేపదే అడిగి చూస్తారు. రక్తం గడ్డకట్టే పరీక్షలు సరిగ్గా ఉన్నాకే గొట్టం తీస్తారు.