బోర్డో ద్రాక్ష, నెల్లూరు సారా



ఫ్రాన్సు దేశం చూసివచ్చిన మన పిల్లలు బోర్డో నగరం గురించి ముచ్చటగా చెబుతుంటారు. నది ఒడ్డున నగరం, చుట్టూ కనుచూపు మేర ద్రాక్షతోటలు. ఏ తోటకు వెళ్లినా గాజుపాత్రలో రెండు గుక్కల వైన్ పోసి రుచి చూడమంటారట. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మన నెల్లూరు గుర్తుకు వస్తుంది. ఇదీ నది ఒడ్డు నగరమే, సముద్రానికి చేరువే. దీని చుట్టుపక్కల పల్లెలు కూడా మద్యంతోనే ముడిపడి చరిత్రకెక్కాయి. కాకపోతే అవి మద్యాన్ని తరిమికొట్టి చరిత్రకెక్కాయి.

వైన్‌కూ ఈ తీరానికీ సంబంధం కొత్తది కాదు. 1780లలో నెల్లూరు సమీపంలో ఒక రైతు పొలం దున్నుతుండగా నాగలికి ఇటుక కట్టడం అడ్డుపడింది. తవ్విచూస్తే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు! రెండవ శతాబ్దపు చక్రవర్తులైన ట్రాజన్, హేడ్రియన్‌ల కాలపువి. పాపం, ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్ముకున్నాడు. చాలావరకు కరిగిపోగా మిగిలిన కొన్నింటి గురించి మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ 1787లో లేఖ రాశాడు. ఆ కాలపు ఓడలు మిరియాలకూ వస్త్రాలకూ బదులుగా బంగారంతో పాటు వైన్ కూడా తెచ్చేవి. ఒకటవ శతాబ్దపు గ్రీకు నావికుని గ్రంథం ‘పెరిప్లస్’ భారతదేశపు రేవుల్లో దిగే సరుకుల్లో ఇటలీ వైన్‌ను పేర్కొన్నది. ఇదే తీరంలో దక్షిణాన, పుదుచ్చేరి పక్కనున్న అరికమేడు తవ్వకాలలో వైన్ నింపే మట్టికూజాల పెంకులు దొరికాయి. ఆ వైన్ రాజుల, శ్రీమంతుల పానీయం. పొలంలో పనిచేసే మనిషి గొంతులోకి అది దిగిన దాఖలా లేదు.

ఆ మనిషికి దక్కినది కల్లు, ఆ తరువాత సారా. (మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు కట్టిన కొట్టులో నేటికీ వైన్ దొరకడం అరుదు. పేరు మాత్రం నిలిచింది.) 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టంతో సారా అమ్మే హక్కు సర్కారు సొత్తయింది. ఆ హక్కును ప్రాంతాలవారీగా వేలం వేసేవారు. పాడుకున్న గుత్తేదారు పెట్టిన డబ్బును లాభంతో సహా రాబట్టుకోవాలంటే ఊరు ఎంత తాగితే అంత మంచిది. మిగిలిన చరిత్ర అంతా ఈ ఒక్క లెక్కలోనే ఉంది.

దానిని అడ్డుకోవాలన్న ప్రయత్నం కూడా ఈ జిల్లాకు పాతదే. నెల్లూరు నుంచి సముద్రం వైపు వెళ్లేటప్పుడు పెన్న ఒడ్డున పల్లిపాడు వస్తుంది. అక్కడి పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని గాంధీజీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. సహాయ నిరాకరణోద్యమంలో కల్లు, సారా దుకాణాల ముందు పికెటింగు ఒక ముఖ్య కార్యక్రమం. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలులోకి వచ్చింది. నెల్లూరు అప్పటికి ఆ రాష్ట్రంలోనిదే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ నిషేధం 1960ల చివర సడలిపోయింది. తరువాత ఖజానా సంగతి చూడండి: 1970-71లో రాష్ట్రానికి ఆబ్కారీ ఆదాయం సుమారు 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి అది 800 కోట్లు దాటింది. 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాను ప్లాస్టిక్ పొట్లాలలో సరఫరా చేసింది. పొట్లం కావడంతో జీపులో, సైకిలు మీద, చివరకు పొలం గట్టు మీదకు కూడా సారా నడిచివచ్చింది. కూలి డబ్బు ఇంటికి చేరేలోపే అక్కడ ఖర్చయ్యేది.

ఇక 1991కి వద్దాం. ఆ సంవత్సరం ప్రపంచంలో రెండు చోట్ల మద్యం గురించి రెండు మాటలు పుట్టాయి.

మొదటిది అమెరికాలో. ఆ నవంబరులో ఒక ప్రసిద్ధ టీవీ కార్యక్రమంలో బోర్డో ప్రాంతంలో పుట్టిన సెర్జ్ రెనో అనే శాస్త్రవేత్త కనిపించాడు. ఫ్రెంచివారు కొవ్వు దండిగా తింటారు, అయినా గుండెజబ్బులు తక్కువ, దానికి వైన్ కారణం కావచ్చునన్నాడు. ‘ఫ్రెంచ్ పారడాక్స్’ అన్న పేరు లోకమంతా పాకింది. ఎర్ర వైన్ అమ్మకాలు ఎగబాకాయి. మన దేశంలోనూ ఆ మాటను పట్టుకుని గ్లాసు పట్టుకున్నవారు తక్కువేమీ కాదు.

రెండవది నెల్లూరు మెట్టప్రాంతంలో, కలిగిరి దిక్కున ఉన్న దూబగుంటలో. అప్పుడు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగుతోంది. పగలంతా కూలి చేసిన స్త్రీలు రాత్రి లాంతరు వెలుగులో పలక పట్టేవారు. ‘సీతమ్మ కథ’ అనే పాఠం వచ్చింది, అందులో తాగుబోతు భర్త చేతిలో నలిగిన ఇల్లాలు ఉంది. పాఠం చదివిన ప్రతి స్త్రీకీ అది తన కథే. వర్ధినేని రోశమ్మ ముందు నడవగా వారంతా కదిలారు. మొదట ఊళ్లోకి వచ్చే కల్లుబండిని ఆపి కల్లు పారబోయమన్నారట. ఆ అమ్మేవాడికి నష్టం రాకుండా తలా ఒక రూపాయి ఇస్తామన్నారని చెబుతారు. నాకు ఈ ఉద్యమం మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. పక్కవాడి కడుపు కొట్టకుండా తమ బిడ్డల కడుపు కాపాడుకోవడం ఎలాగో ఆ తల్లులకు తెలుసు. తరువాత సారా జీపును చుట్టుముట్టారు. దుకాణం మూతపడింది.

ఆ విజయగాథ కొత్త పాఠంగా మారి జిల్లాలోని ఇతర అక్షరాస్యతా కేంద్రాలకు చేరింది. 1992లో ఊరూరా స్త్రీలు సారా కొట్లు మూయించారు. అంతటితో ఊరుకోలేదు. వ్యాధి మూలం వేలంపాటలో ఉందని గ్రహించి నెల్లూరు పట్నానికే వచ్చారు. ఆగస్టు నుంచి జరగవలసిన వేలం పలుమార్లు వాయిదా పడింది. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిగారిది ఈ జిల్లాయే కావడం గమనించదగినది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. సారా పొట్లాల కాలంలోనూ ముఖ్యమంత్రిగా ఉన్నది ఆయనే! అది 1997లో సడలిపోయింది. సారా మాత్రం అధికారికంగా తిరిగి రాలేదు, బ్రాందీ, విస్కీ సీసాలు ఆ ఖాళీని నింపాయి.

ఆ రెండు మాటల్లో ఏది నిలిచింది? వైన్‌లోనూ సారాలోనూ ఉన్నది ఒకే ఇథనాల్. ఒక గ్లాసు వైన్‌లో సుమారు 14 గ్రాములు ఉంటుంది. కాలేయం దానిని ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది, అది కణాల జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తుంది. మద్యపానం కేన్సరుకు నిశ్చయమైన కారణమని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే తేల్చింది. మితంగా తాగేవారి గుండె బాగుందన్న అధ్యయనాలలో పెద్ద లోపమొకటి బయటపడింది: ‘తాగనివారి’ జాబితాలో జబ్బు చేసి మానేసినవారినీ కలిపారు. పైగా కొద్దిగా తాగేవారిలో చాలామంది కలిగినవారు, మంచి తిండి, వైద్యం అందేవారు. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం ఆరోగ్యానికి హాని లేని మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని ప్రకటించింది. దూబగుంట స్త్రీలకు ఈ పరిశోధనలేవీ అందలేదు. వారి దగ్గరున్నవి ఖాళీ చట్టి, దెబ్బల గుర్తులు, ఒక పలక.

వైద్యునిగా ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఖాళీ కడుపుతో తాగిన మద్యం త్వరగా రక్తంలో చేరుతుంది. పాలిష్ బియ్యం తినేవారి ఒంట్లో అసలే తక్కువగా ఉండే బి1 విటమిన్‌ను అది మరింత హరిస్తుంది, జ్ఞాపకశక్తి, నడక దెబ్బతింటాయి. ఇంట్లో ఏళ్ల తరబడి రోజూ తాగేవారు ఉంటే కోపంతోనో దీక్షతోనో ఒక్కసారిగా మాన్పించకండి. రెండు మూడు రోజులలో వణుకు, మూర్ఛ, మతిభ్రమ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. వైద్యుని పర్యవేక్షణలో మాన్పించండి. ఇందుకు మందులున్నాయి.

రోశమ్మగారు 2016లో కన్నుమూశారు. నెల్లూరు వెళ్లినవారు మైపాడు సముద్రం చూసి, చేపల పులుసు తిని తిరిగి వచ్చేస్తారు. ఈసారి వెళితే ఒక రోజు ఎక్కువ పెట్టుకోండి. ఉదయం పల్లిపాడు ఆశ్రమం చూసి, మధ్యాహ్నం కలిగిరి దారి పట్టండి. రుచి చూడమని ఎవరూ గ్లాసు అందించరు. ఆ రోజుల్లో పలక పట్టిన ముసలమ్మ ఎవరైనా కనిపిస్తే కూర్చుని అడగండి, చెబుతుంది.