ఇడిచిన బట్ట, కోరుకున్న బట్ట

విదేశాల్లో చదువుకొని వచ్చే మన పిల్లలు ఇప్పుడు ఒక కొత్త మాట పట్టుకొస్తున్నరు. తక్కువ కొనాలె, పాత బట్టలే తొడగాలె, భూమిని కాపాడాలె అంటరు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వాడల నుంచి అంబేద్కర్ పేరిట ఉన్న విద్యానిధితో పోయే పిల్లలకు కూడా అక్కడ ఈ మాట ఎదురవుతుంది. మాట మంచిదే. 2013లో ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయినంక, చవక బట్ట వెనక ఎవరి పానం పోతుందో లోకానికి తెలిసింది. కానీ ఈ సంగతి మా అమ్మకు చెప్తే నవ్వింది. పెండ్లయ్యేదాక ఆమె కట్టినవన్నీ పటేలింట్ల ఇడిచిన చీరలే.

ఆ నవ్వులో చరిత్ర ఉంది. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుడు ఊరి బయట బతకాలన్నది, పగిలిన పాత్రలో తినాలన్నది, చచ్చినోళ్ల బట్టలే కట్టాలన్నది. అంటే పాత బట్ట మనకు ఫ్యాషన్‌గా రాలేదు, శిక్షగా వచ్చింది.

విదేశం పోయొచ్చిన ఇద్దరిని చూద్దాం. గాంధీ 1888లో లండన్ పోయి సూటు తొడిగిండు. 1921 సెప్టెంబరులో మదురైలో పేదల పేరు చెప్పి కొల్లాయికి మారిండు. అంబేద్కర్ 1913లో బరోడా స్కాలర్‌షిప్‌తో కొలంబియా యూనివర్సిటీకి పోయిండు, తర్వాత లండన్‌లో చదివిండు. 1917లో బరోడా కొలువుకొస్తే ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రంలో కులం దాచుకొని ఉంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టిన్రు. విదేశీ చదువు కులాన్ని చెరపలేదు. అయినా ఆయన సూటు ఇడవలేదు. 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో ఒకరు కొల్లాయితో, ఒకరు సూటుతో కూర్చున్నరు. బట్ట ఉన్నోడు ఇడిస్తే త్యాగమన్నరు. ఇడవడానికి ఏమీ లేనోళ్ల తరఫున వచ్చినాయన నిండా తొడుక్కుంటే దొరతనమన్నరు.

అట్లని అంబేద్కర్ ఎక్కువ కొనుమని చెప్పలేదు. 1927 డిసెంబరులో మహద్‌లో మనుస్మృతిని కాల్చిన సభలోనే ఆయన ఆడవాళ్లతో బట్టల గురించి మాట్లాడిండు. కులం గుర్తుపట్టే తీరున చీర కట్టొద్దు, వెండి నగల బరువు మొయ్యొద్దు, బట్ట చిరిగినా ఫర్వాలేదు, శుభ్రంగా ఉండాలె అన్నడు. పొదుపు, ఆత్మగౌరవం ఒకే చోట నిలిచిన మాట ఇది.

ఇక మన నేల సంగతి. నిజాం కాలంలో జనగామ తాలూకా విసునూరు దేశ్‌ముఖ్ గడి వెట్టికి పేరుమోసింది. ఆనాటి తెలంగాణలో మాదిగలు చచ్చిన గొడ్డు తోలు తీసి, తంగేడు చెక్కతో ఊనవెట్టి, చెప్పులు, మోటకు తోలు సామాను దొరలకు ఉత్తగనే ఇయ్యాలె. తోలు ముక్క వృథా కాదు, తెగిన చెప్పు మళ్లీ కుట్టుకుంటరు. ఇయ్యాల పడమటి దేశాలు వెతుకుతున్న విద్య ఇదే. కానీ చెప్పు కుట్టినోడే గడి ముందు చెప్పులు చేతబట్టుకొని నడవాలె. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినంక లేచిన పోరాటం భూమి కోసమే కాదు, ఈ వెట్టి మీద కూడా.

మహబూబాబాద్ తండాల్లో లంబాడీ అక్కలు అద్దాలు కుట్టిన పేటియా ఇడిచి చీరకు మారుతుంటే, అదే కుట్టుపని పట్నం దుకాణాల్లో ఖరీదైన ఫ్యాషన్. భూపాలపల్లిలో సింగరేణి జీతం అందినోళ్లు పిల్లలకు కొత్త బట్ట కొంటే దాన్ని దుబారా అందామా?

కాబట్టి తిరిగొచ్చే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఆ మాటను తేవాల్సిందే. అయితే దాన్ని ముందు నిండిన బీరువాల ఇండ్లకు చెప్పాలె. చెప్పు కుట్టే చేతికి ధర రావాలె, ఆ పని ఒక్క కులం మెడకు కట్టి ఉండొద్దు. అప్పుడు అమ్మ పాత చీర కట్టినా తనకు నచ్చి కడుతది.